రోడ్డు ప్రమాదం తర్వాత పిల్లలు, ఇల్లు: విజయవాడ, గుంటూరు కుటుంబాలు మళ్ళీ మళ్ళీ అడిగే ప్రశ్నలు

గుంటూరు కోర్టులో ఉచిత న్యాయ సహాయం బల్ల దగ్గర పారా లీగల్ వాలంటీరుగా కూర్చుంటాను. లాయర్ని కాను, డాక్టర్ని అసలే కాను. కాగితం ఏ గదికి వెళ్ళాలో చెప్పేవాణ్ణి. వచ్చేవాళ్ళ చేతిలో ఒక ప్లాస్టిక్ కవరు ఉంటుంది. అందులో ఆధార్, రేషన్ కార్డు, ఆస్పత్రి బిల్లులు, మడతల దగ్గర చిరిగిన ఎఫ్‌ఐఆర్ జిరాక్సు. పక్కన పిల్లో పిల్లాడో. డబ్బు సంగతి కూర్చుని అడుగుతారు. పిల్లల సంగతి మాత్రం లేచి వెళ్ళిపోతూ, గుమ్మం దగ్గర ఆగి, గొంతు తగ్గించి అడుగుతారు. ఆ గుమ్మం దగ్గరి ప్రశ్నలు కూడా కలిపి రాశాను. ఎక్కడ తెరిచి చదివినా సరిపోతుంది.

## మొదటి గంటలు, ఆస్పత్రి

ప్రమాదం ఇప్పుడే జరిగింది. ముందు ఎవరికి ఫోన్ చేయాలి?

108కి. పోలీసులకు 112. కాజ టోల్ గేటు వైపో, చిలకలూరిపేట వైపో జాతీయ రహదారి మీద జరిగితే 1033కి కూడా చేయండి, హైవే అంబులెన్సు, క్రేను వాళ్ళే పంపుతారు. గాయపడినవాళ్ళని ఆస్పత్రిలో చేర్చిన దారినపోయే మనిషిని పోలీసులు సాక్షిగా బలవంతపెట్టకూడదు, పేరు చెప్పమని ఒత్తిడి చేయకూడదు. 2019 సవరణతో మోటారు వాహనాల చట్టంలోకి వచ్చిన 134-ఎ సెక్షన్ ఆ రక్షణ ఇస్తుంది. ఎవరైనా వెనకాడుతుంటే ఈ మాట చెప్పండి.

ప్రైవేటు ఆస్పత్రివాళ్ళు "ముందు డబ్బు కట్టండి, పోలీసులు రావాలి" అంటున్నారు. అలా ఆపొచ్చా?

ఆపకూడదు. ప్రాణం కాపాడే వైద్యానికి పోలీసు కాగితాలు అడ్డం రాకూడదని సుప్రీంకోర్టు 1989లోనే చెప్పింది. డబ్బు విషయానికొస్తే, 2025 మే నుంచి కేంద్రం నగదు రహిత చికిత్స పథకం అమల్లో ఉంది. రోడ్డు ప్రమాద బాధితులు ఎవరికైనా, ఏడు రోజుల వరకూ, మనిషికి 1,50,000 రూపాయల దాకా. పథకంలో చేరిన ఆస్పత్రి కావాలి, ఇది రోడ్డు ప్రమాదమేనని పోలీసుల ధ్రువీకరణ కావాలి. అది కాక మన రాష్ట్రంలో ఎన్టీఆర్ వైద్య సేవ ఉంది, అదే పాత ఆరోగ్యశ్రీ. ఆ కౌంటరు ఎక్కడని రిసెప్షన్‌లో అడగండి, లేదా 104కి ఫోన్ చేయండి. చేతి నుంచి పెట్టిన ప్రతి రూపాయికీ బిల్లు దాచుకోండి. మందుల షాపు చిట్టీ మీద కూడా రోగి పేరు రాయించండి.

పిల్లాడికి పైకి దెబ్బలేమీ లేవు. ఇంటికి తీసుకెళ్ళిపోవచ్చా?

డాక్టరు చూడకుండా వద్దు. పెద్దవాళ్ళ రక్తం చూసి అందరూ అటు పరిగెత్తుతారు. పిల్లాడు బెంచీ మీద బిస్కెట్ తింటూ కూర్చుంటాడు కాబట్టి బాగున్నాడనుకుంటారు. మళ్ళీ మళ్ళీ వాంతులు, ఎంత లేపినా మత్తు, తగ్గని తలనొప్పి, తికమక మాటలు, ఫిట్స్, కడుపునొప్పి, వీటిలో ఏది కనిపించినా వెంటనే వెనక్కి తీసుకురండి. మొదటి రెండు రోజులు కంట కనిపెట్టుకుని ఉండాలి.

ఇంకో పని మరిచిపోకండి. ప్రమాద సమయంలో పిల్లాడు కూడా బండి మీద ఉన్నాడని ఆస్పత్రి మెడికో లీగల్ రిజిస్టరులోనూ, పోలీసుల వాంగ్మూలంలోనూ రాయించండి. మూడు నెలల తర్వాత చెయ్యి సరిగ్గా ఎత్తలేకపోతున్నాడని తెలిసినప్పుడు, ఆ ఒక్క వాక్యం లేక అవస్థ పడ్డ తల్లిని చూశాను.

శవపరీక్ష వద్దంటే కుదరదా?

రోడ్డు ప్రమాద మరణంలో పంచనామా, శవపరీక్ష తప్పవు. బతిమాలి తప్పించుకున్నా నష్టం మీకే. ఆ రిపోర్టు లేకపోతే బీమా, పరిహారం రెండూ చిక్కుల్లో పడతాయి. ప్రభుత్వాసుపత్రిలో దానికి రుసుము లేదు. పిల్లల్ని మాత్రం మార్చురీ దగ్గర ఉంచకండి. తెలిసిన ఒక మనిషిని, పిన్నినో మేనత్తనో, పిల్లల పని మీదే ఉంచండి.

## పిల్లలతో మాట

మా ఆయన పోయాడని పిల్లలకి చెప్పలేదు, ఊరెళ్ళాడన్నాం. ఎప్పుడు చెప్పాలి?

ఈ రోజే. మీరు చెప్పకపోతే పక్కింటి పిల్లాడు చెబుతాడు, వాడి పద్ధతిలో.

"ఊరెళ్ళాడు" అంటే తిరిగొస్తాడని. ఎదురుచూస్తారు. "నిద్రపోయాడు" అన్న ఇంట్లో పిల్లలు రాత్రి కళ్ళు మూయడానికి భయపడతారు. "దేవుడి దగ్గరికి వెళ్ళాడు" మన నోట అలవాటుగా వచ్చే మాట, తప్పేమీ లేదు. కానీ అదొక్కటే చెప్పి ఆపితే నాలుగేళ్ళ పిల్ల "మనం కూడా వెళ్దాం, టికెట్ తీసుకో" అంటుంది. అన్నది కూడా, నా ఎదురుగానే. అయిదారేళ్ళ లోపు పిల్లలకి చావు అంటే వెనక్కి రాని సంగతని తెలియదు. కాబట్టి మాటలు చిన్నవిగా, నిజమైనవిగా ఉండాలి: "నాన్నకి లారీ తగిలింది. పెద్ద దెబ్బ. డాక్టర్లు చాలా ప్రయత్నించారు. నాన్న చనిపోయాడు. ఇంక నాన్న ఒళ్ళు పనిచేయదు, నొప్పి కూడా ఉండదు. మళ్ళీ రాలేడు." తర్వాత నోరు మూసుకుని పక్కన కూర్చోండి. మీకు ఏడుపొస్తే ఏడవండి.

ఇదే ప్రశ్న పదిసార్లు అడుగుతారు. పదిసార్లూ అదే జవాబు. ఇంకొకటి, అడగకపోయినా మీరే చెప్పండి: "ఇది నీ వల్ల జరగలేదు." ఐస్‌క్రీమ్ కోసం మారాం చేశానని, అందుకే నాన్న బండి తీశాడని, ఏళ్ళ తరబడి లోపల మోసే పిల్లలుంటారు. బయటికి అనరు.

ఏడేళ్ళ కొడుకు చేత తలకొరివి పెట్టించాలంటున్నారు. పెట్టించొచ్చా?

ఇది మతం ప్రశ్నగా అడుగుతారు. నేను పిల్లాడి ప్రశ్నగా జవాబు చెబుతాను. మా ఊళ్ళ పురోహితులు చాలామంది, చిన్నపిల్లాడైతే బాబాయో పెదనాన్నో చేయొచ్చని, పిల్లాడి చేత దర్భ తాకించి పక్కవాళ్ళు కర్మ చేయొచ్చని చెబుతారు. కాబట్టి దారి ఉంది, అడగండి.

పిల్లాడు వస్తానంటే, ఏం కనిపిస్తుందో ముందే చెప్పాలి: అక్కడ కట్టెలు ఉంటాయి, నాన్న మాట్లాడడు, అందరూ ఏడుస్తారు, కుండ పగులుతుంది, నీకు భయమేస్తే వెంటనే బయటికి వచ్చేద్దాం. ఏ క్షణంలోనైనా ఎత్తుకుని పక్కకి తీసుకెళ్ళడానికి ఒక మనిషి ఉండాలి. ఆ మనిషికి వేరే పని చెప్పకూడదు. రానంటే బలవంతం చేయొద్దు, తర్వాత దెప్పొద్దు. ఆడపిల్లల్ని మాత్రం "నువ్వు లోపలికి పో" అని తరిమేస్తారు, వాళ్ళకీ ఒకసారి చూడాలని ఉందేమో అడగరు. అడగండి.

"ఇకనుంచి ఇంటికి మగదిక్కు నువ్వే" అని ఏడేళ్ళవాడి భుజం తట్టే పెద్దల్ని కొంచెం దూరం పెట్టండి.

మా పాప అసలు ఏడవడం లేదు, ఆడుకుంటోంది. ఏమైనా తేడా ఉందా?

లేదు. పిల్లల దుఃఖం వాన జల్లులాంటిది, వస్తుంది, ఆగుతుంది, మళ్ళీ వస్తుంది. బొమ్మ కారుని బొమ్మ కారుకి గుద్దించే ఆట ఆడినా కంగారు పడొద్దు, కసరొద్దు. వాళ్ళు అర్థం చేసుకునే పద్ధతి అది.

అయిదో తరగతి పిల్లాడు మళ్ళీ పక్క తడుపుతున్నాడు, రాత్రి ఉలిక్కిపడుతున్నాడు. డాక్టరు దగ్గరికి ఎప్పుడు తీసుకెళ్ళాలి?

మొదటి కొన్ని వారాలు పీడకలలు, పక్క తడపడం, అమ్మని వదలకపోవడం, కోపం, కడుపునొప్పి, ఇవన్నీ మామూలే. తిట్టకండి, దుప్పటి మార్చండి, వేళకి అన్నం, వేళకి నిద్ర, వీలైనంత త్వరగా బడి. నెల దాటినా తగ్గకపోతే, లేదా రోజురోజుకీ పెరిగితే మానసిక వైద్యుడికి చూపించాలి. గుంటూరు ప్రభుత్వాసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. అంతకుముందు ఇంటి నుంచే మాట్లాడాలంటే మానసిక సమస్యలకి ఉన్న ప్రభుత్వ ఫోన్ సేవ టెలీ మానస్ 14416, ఖర్చు లేదు, తెలుగులో మాట్లాడతారు. "నేనూ నాన్న దగ్గరికి పోతా" లాంటి మాట పెద్దపిల్లల నోట వస్తే నెల కోసం చూడొద్దు, ఆ రోజే ఫోన్ చేయండి, పిల్లల్ని ఒంటరిగా వదలకండి.

ప్రమాదం వీడియో వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతోంది. పిల్లల కంట పడితే?

ఇంట్లో ఫోన్లన్నిటిలో తుడిచేయండి. బడి టీచరుకి, ఆటో డ్రైవరుకి, అపార్ట్‌మెంటు గ్రూపు నడిపేవాళ్ళకి ఒక్క ఫోన్ చేసి తీసేయమని అడగండి. సిగ్గుపడి చాలామంది తీసేస్తారు.

## స్టేషన్, కాగితాలు

పోలీస్ స్టేషన్ నుంచి ఏమేం తీసుకోవాలి?

ఎఫ్‌ఐఆర్, పంచనామా, శవపరీక్ష రిపోర్టు లేదా గాయాల సర్టిఫికెట్, వాహన తనిఖీ అధికారి రిపోర్టు, గుద్దిన బండి ఆర్‌సీ, బీమా, డ్రైవరు లైసెన్సు నకళ్ళు. 2022 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్న నిబంధనల ప్రకారం దర్యాప్తు అధికారి 48 గంటల్లో మొదటి ప్రమాద నివేదికను, 90 రోజుల్లో పూర్తి నివేదికను, ప్రమాద పరిహారం కేసులు వినే కోర్టు అయిన ట్రిబ్యునల్‌కి పంపాలి. బాధితుల హక్కులు రాసిన ఫారం కూడా మీకు ఇవ్వాలి. అందులో మైనరు పిల్లల వివరాలకి విడిగా ఒక ఫారం ఉంది. ఆ ఇంటి పిల్లలకి రక్షణ అవసరమా అని చూడటానికి అది బాలల సంక్షేమ కమిటీకి వెళుతుంది. మన బల్ల దగ్గరికి వచ్చినవాళ్ళలో ఆ ఫారం చూసినవాళ్ళు అరుదు. పేరు పెట్టి అడగండి, "ఆరు-ఎ ఫారం" అనండి.

మరణ ధ్రువపత్రం, మీ గ్రామ లేదా వార్డు సచివాలయంలో దరఖాస్తు చేస్తే తహసీల్దార్ ఇచ్చే ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్, రెండూ పదేసి జిరాక్సులు తీయించండి. అసలువి ఎవరి చేతికీ ఇవ్వొద్దు.

అవతలివాళ్ళు పెద్దమనుషుల్ని పంపారు. రెండు లక్షలకి రాజీ అంటున్నారు. ఒప్పుకోవాలా?

దినాలు కాకముందు దేనిమీదా సంతకం పెట్టకండి. దహనం ఖర్చుకని యజమాని ఇచ్చేది తీసుకోవడం వేరు, "ఇక మాకు ఏ క్లెయిమూ లేదు" అనే కాగితం మీద వేలిముద్ర వేయడం వేరు. బండికి బీమా ఉంటే పరిహారం ఇచ్చేది కంపెనీ. అంటే మీరు కేసు వేస్తే ఆ యజమాని పొలం అమ్ముకోనక్కర్లేదు. ఈ సంగతి తెలియక, "పాపం వాడూ బీదవాడే" అని వదిలేసిన కుటుంబాలున్నాయి.

గుద్దిన బండి ఆగలేదు, నంబరు తెలియదు. ఇక ఏమీ రాదా?

వస్తుంది. మరణానికి 2,00,000, తీవ్ర గాయానికి 50,000. ఆర్డీవో గానీ తహసీల్దార్ గానీ విచారణ చేస్తారు, కలెక్టర్ మంజూరు చేస్తారు. ముందు ఎఫ్‌ఐఆర్ ఉండాలి. తర్వాత సీసీ కెమెరాలో బండి దొరికితే మామూలు పరిహారం కేసు వేసుకోవచ్చు, అప్పుడు ఇది అందులో సర్దుబాటవుతుంది.

## పరిహారం కేసు

కేసు ఎక్కడ వేయాలి? ఎంతలోపు?

ప్రమాదం ఎక్కడ జరిగినా మీరు ఉండే ఊరి ట్రిబ్యునల్లో వేయొచ్చు. తిరుపతి నుంచి వస్తూ ఒంగోలు దగ్గర జరిగినా గుంటూరువాళ్ళు గుంటూరులోనే. గడువు ప్రమాదం నాటి నుంచి ఆరు నెలలని చట్టంలో ఉంది. ఈ గడువు చెల్లుతుందా అన్నది సుప్రీంకోర్టులో వివాదంగా ఉంది. దాన్ని నమ్ముకుని కూర్చోకుండా ఆరు నెలల లోపే వేయడం మంచిది. తప్పెవరిదో నిరూపించకుండానే అడిగే దారి కూడా ఉంది. మోటారు వాహనాల చట్టం 164వ సెక్షన్ కింద మరణానికి 5 లక్షలు, తీవ్ర గాయానికి 2.5 లక్షలు.

పరిహారం లెక్క ఎలా కడతారు?

మిర్చి యార్డులో హమాలీ అనుకోండి, వయసు 34, నెలకి 15,000. ఆయన మీద ఆధారపడ్డవాళ్ళు నలుగురు: భార్య, ఇద్దరు పిల్లలు, తల్లి. 40 ఏళ్ళ లోపు, సొంత రెక్కల సంపాదన కాబట్టి భవిష్యత్తు పెరుగుదల కింద 40 శాతం కలుపుతారు, 21,000. ఆయన సొంత ఖర్చు కింద నాలుగో వంతు తీస్తారు, 15,750. ఏడాదికి 1,89,000. దాన్ని వయసుని బట్టి ఒక అంకెతో హెచ్చిస్తారు, దాన్నే గుణకం అంటారు. 31 నుంచి 35 ఏళ్ళ వయసుకి అది 16. మొత్తం 30,24,000. దీని మీద అంత్యక్రియల ఖర్చు, ఆస్తి నష్టం, తోడు కోల్పోయినందుకు మరికొంత. ఈ చివరిది భార్యకే కాదు, పిల్లలకీ విడివిడిగా వస్తుందని సుప్రీంకోర్టు 2018లో చెప్పింది. మనిషికి 40,000తో మొదలైన ఆ మొత్తం మూడేళ్ళకోసారి 10 శాతం పెరుగుతుంది.

చిక్కల్లా ఆ 15,000 దగ్గరే. హమాలీకి జీతం చిట్టీ ఉండదు. యూనియన్ కార్డు, బ్యాంకులో పడ్డ జమలు, చీటీ పాట పుస్తకం, మేస్త్రీ సాక్ష్యం, ఏది దొరికితే అది జాగ్రత్త చేయండి.

పోయింది మా అమ్మ. ఇంట్లోనే ఉండేది, సంపాదన లేదు. ఏమీ రాదంటున్నారు.

తప్పు. ఇల్లు నడిపేవారి పనికి విలువ కట్టాల్సిందేనని, ఆదాయం ఊహించి లెక్క వేయాలని సుప్రీంకోర్టు తీర్పులున్నాయి. 2021లో మరోసారి గట్టిగా చెప్పింది. గేదె పాలు అమ్మేదా, జాకెట్లు కుట్టేదా, అది కూడా చెప్పండి.

దెబ్బ తగిలింది పిల్లకే. కాలు వంకర మిగిలింది. పిల్లలకి పరిహారం ఉంటుందా?

ఉంటుంది. తల్లో తండ్రో పిల్ల తరఫున కేసు వేస్తారు. వైకల్యం శాతాన్ని బట్టి లక్ష నుంచి ఆరు లక్షల దాకా ఒక కొలత 2013లో సుప్రీంకోర్టు చెప్పింది, వైద్యం ఖర్చు దానికి అదనం. 2025లో అదే కోర్టు ఇంకా ముందుకెళ్ళి, శాశ్వత వైకల్యం వచ్చిన పిల్లల ఆదాయాన్ని నైపుణ్యం ఉన్న కార్మికుడి కనీస వేతనంగా లెక్కించాలంది. ముందు వైకల్యం ఎంత శాతమో చెప్పే సదరం సర్టిఫికెట్ తీయించండి. మళ్ళీ ఆపరేషన్ కావాల్సి వస్తే దాని అంచనా డాక్టరు చేత రాయించండి.

ఆయనే బండి జారి పడ్డాడు. ఎవరి మీద కేసు వేస్తాం?

ఎవరి మీదా వేయలేరు. కానీ ఆ బండి బీమా కాగితం తీయండి. యజమాని తనే నడుపుతూ పోతే వర్తించే వ్యక్తిగత ప్రమాద బీమా అందులో 15 లక్షలకి ఉంటుంది. బండి ఆయన పేరు మీద ఉండాలి, లైసెన్సు ఉండాలి. కొందరు ప్రీమియం తగ్గుతుందని అది వద్దని రాసిస్తారు, చూసుకోండి.

హెల్మెట్ లేదు, పైగా ముగ్గురు ఎక్కారు. కేసు పోయినట్టేనా?

పోదు. కొంత తగ్గొచ్చు. ముగ్గురు ఎక్కడం వల్లే ప్రమాదం జరిగిందని, లేదా దెబ్బ పెరిగిందని అవతలివాళ్ళు చూపించాలి. గుద్దిన డ్రైవరుకి లైసెన్సు లేకపోయినా, చాలా కేసుల్లో ముందు మీకు చెల్లించి తర్వాత యజమాని దగ్గర వసూలు చేసుకోమని కోర్టులు కంపెనీని ఆదేశిస్తాయి.

లాయరుకి మూడో వంతు ఇవ్వాలంటున్నారు. అంత ఉందా?

ఆడవాళ్ళకీ, పిల్లలకీ, ఎస్సీ ఎస్టీలకీ ఆదాయంతో పని లేకుండా న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా లాయర్ని ఇస్తుంది. 15100కి ఫోన్ చేయండి, లేదా ఏ కోర్టు ఆవరణలోనైనా అడగండి. మార్చురీ గేటు దగ్గరే విజిటింగ్ కార్డు ఇచ్చేవాడి తెల్లకాగితం మీద మాత్రం సంతకం వద్దు.

పిల్లల వాటా డబ్బు చేతికి ఇవ్వరట. మరి ఫీజులకెలా?

మైనర్ల వాటాను వాళ్ళకి 18 నిండేదాకా బ్యాంకులో డిపాజిట్ చేయిస్తారు. బంధువుల అప్పులకి, ఆడపడుచు పెళ్ళికి కరిగిపోకుండా అది కాపాడుతుంది, తిట్టుకోకండి. చదువుకీ వైద్యానికీ కావాలంటే ఫీజు రసీదుతో ట్రిబ్యునల్లో దరఖాస్తు పెట్టి తీసుకోవచ్చు. వడ్డీ నెలనెలా తల్లి ఖాతాకి వచ్చేలా మొదట్లోనే అడగండి.

## నెల గడవడం, బడి

ఆయన పాస్‌బుక్‌లో 20 రూపాయలు, 436 రూపాయలు కోసినట్టుంది. ఏమిటవి?

బీమా! 20 రూపాయలది సురక్షా బీమా, ప్రమాద మరణానికి 2 లక్షలు. 436ది జీవన్ జ్యోతి, ఏ మరణానికైనా 2 లక్షలు. రెండూ ఉంటే రెండూ వస్తాయి. సురక్షా క్లెయిమ్ 30 రోజుల్లోపు బ్యాంకులో ఇవ్వాలి. రూపే కార్డుకి కూడా ప్రమాద బీమా ఉందేమో అదే రోజు మేనేజర్ని అడగండి. కంపెనీలో పీఎఫ్ కోసేవాళ్ళయితే పీఎఫ్ బీమా 7 లక్షల వరకూ, భార్యకి పెన్షన్, ఇద్దరు పిల్లలకి 25 ఏళ్ళు వచ్చేదాకా పెన్షన్ ఉంటాయి.

నెలనెలా ఏదైనా వచ్చే దారి ఉందా?

వితంతు పెన్షన్ 4,000, సచివాలయంలో దరఖాస్తు. ప్రమాదంలో మంచానికో వీల్‌చైరుకో పరిమితమైనవాళ్ళకి 15,000. పిల్లలకి మిషన్ వాత్సల్య కింద ఒక్కొక్కరికి నెలకి 4,000. తండ్రి పోయి తల్లి దగ్గర ఉన్న పిల్లలకీ వర్తిస్తుంది, కుటుంబ ఆదాయం ఏడాదికి పల్లెలో 72,000, పట్నంలో 96,000 మించకూడదు. దీనికి జిల్లా బాలల పరిరక్షణ విభాగానికి వెళ్ళాలి. దారి తెలియకపోతే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయండి.

ప్రైవేటు బడి ఫీజు కట్టలేం. మధ్యలో మార్చేదా?

వీలైతే ఆ ఏడాది పూర్తయ్యేదాకా మార్చకండి. తండ్రి పోయిన పిల్లకి బెంచీ మీద పక్కన కూర్చునే స్నేహితురాలు కూడా పోతే చాలా కష్టం. ప్రధానోపాధ్యాయుణ్ణి కలిసి గడువు అడగండి. మార్చక తప్పకపోతే, టీసీ లేదన్న కారణంతో ప్రభుత్వ బడి చేర్చుకోకుండా ఉండకూడదు. ఆరో తరగతి ఆడపిల్లలకి కస్తూర్బా విద్యాలయాల్లో తల్లిగానీ తండ్రిగానీ లేనివాళ్ళకి ప్రాధాన్యం ఉంది. ఒకటో తరగతిలో చేరే అనాథ పిల్లలకి ప్రైవేటు బడుల్లో విద్యాహక్కు చట్టం సీట్లున్నాయి.

కూతురూ అల్లుడూ ఇద్దరూ పోయారు. మనవరాలు మా దగ్గరే ఉంది. మేం ఏ కాగితం చేయించాలి?

అన్నం పెట్టడానికి, బడికి పంపడానికి ఏదీ అక్కర్లేదు. బ్యాంకు, పరిహారం, ఆస్తి దగ్గరికొచ్చేసరికి జిల్లా కోర్టు నుంచి సంరక్షకుల ఉత్తర్వు కావాలి. కోర్టు అనుమతి లేకుండా పిల్ల పేరున ఉన్న స్థలం అమ్మితే ఆ అమ్మకం నిలవకపోవచ్చు. అమ్మమ్మ వైపు, నాయనమ్మ వైపు తగవు పడితే పిల్లనే నడిమధ్యన నిలబెట్టి "ఎవరి దగ్గరుంటావు" అని అడక్కండి. ఆ ప్రశ్న అవసరమైతే జడ్జిగారు తన గదిలో నెమ్మదిగా అడుగుతారు.

ఏడాది దాటింది. పాప ఇంకా ఆటో ఎక్కనంటోంది, బెంజి సర్కిల్ దగ్గరికి వస్తే ఒణికిపోతోంది.

ఏడాది దాటినా ఉందంటే డాక్టరుకి చూపించాల్సిందే, దీనికి మంచి చికిత్సలున్నాయి. ఇంట్లో చేసేది ఒకటుంది, ఒక్కో మెట్టూ ఎక్కించడం. ఒక తాతయ్య ఏం చేశారంటే, మొదటి వారం ఇంటి ముందు ఆగి ఉన్న ఆటోలో మనవరాలితో కూర్చుని జామకాయలు తిన్నారు. ఇంజను వేయలేదు. రెండో వారం ఇంజను వేయించారు, కదల్లేదు. మూడో వారం వీధి చివరిదాకా. పిల్ల "ఆపు" అంటే ఆపాలి, అదొక్కటే షరతు. డ్రైవరు డబ్బులు తీసుకోలేదట. బడికి ఆటోలో వెళ్ళడానికి నాలుగు నెలలు పట్టింది, బెంజి సర్కిల్ మీదుగా మాత్రం ఇప్పటికీ వెళ్ళడం లేదు. చుట్టు తిరిగి వెళతారు.